బాపు బిగించిన స్టీరింగు గేరు

మా చిన్నప్పుడు... ఆలూరులో మా ఇంటి వాకిట్లో, బాపు, అంటే మా నాన్న, మోటారు స్టీరింగు కింద తల దూర్చి, కాళ్లు బయటపెట్టి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గేరు కడ్డీ వాడిన తోటకూర కాడలా వేలాడుతోంది. ఎటు తిప్పినా గేరు పడడం లేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు మా సుగుణక్కకు పట్నంలో నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ. ఆ కార్డు వచ్చినప్పటి నుంచి అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని బైబిల్లోనే దాచింది. అరవై తొమ్మిది... తెలంగాణ కోసం రోజూ బందులు. బస్సుల్లేవు. చేవెళ్ల నుంచి పట్నానికి కిరాయికి తిరిగే మా పాత మోటారే దిక్కు.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు... అప్పట్లో గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ఆ కడ్డీ కింద మలుపు తిరిగే చోట ఒక గుండ్రటి తోలు బిళ్ల. అది అరిగితే బండి కదలదు. మొయినాబాద్‌లో రోడ్డు పక్క షెడ్డులో సత్యం మామ అని ఒకాయన కొత్త బిళ్ల కోసి వేసేవాడు. గోదావరి దిక్కు మనిషి. మేం ఆయన ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నామో లెక్కలేదు.

ఎప్పుడు పోయినా "ఈరోజవదండీ, రేపు రండి" అనేవాడు. బాపుకు చిర్రెత్తేది. "గింత తోలుముక్కకు రెండ్రోజులా? బద్ధకం గాకపోతే!" అని దారి పొడుగునా సణిగేవాడు.

మరి ఈసారి ఆయన దగ్గరికి ఎందుకు పోలేదంటారా... ఆయన లేడు. పది రోజుల కిందటే వెళ్లగొట్టారు.

ఆ సాయంత్రం నేను మోటార్లోనే ఉన్నాను. పదిమంది పిల్లగాళ్లు షెడ్డు ముందు నిలబడ్డారు. "మా నౌకరీలు మాకు గావాలె. మీ ఊరికి మీరు పోండ్రి" అన్నారు. వాళ్ల కడుపుమంట అబద్ధం కాదు. అక్క లాంటి వాళ్లకు ఉద్యోగాలు రావడం లేదనే బాపు కూడా ఊరేగింపుల్లో తిరిగాడు. కానీ సత్యం మామది ఏం ఉద్యోగం? "నేను పానా పట్టుకునేవాణ్ణి బాబూ, ఎవరి ఉద్యోగం తీసుకున్నాను?" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "మీరైనా చెప్పండన్నా" అన్నాడు.

బాపు మాట వాళ్లు వినేవాళ్లు. అందులో ఇద్దరు మా చుట్టాలే. బాపు గుడ్డ తీసుకుని మోటారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు...

సరే, ఇంటికొద్దాం. బాపు పాత చెప్పు అడుగు కోసి బిళ్ల చేశాడు. ఎక్కించి, బిగించి, పైన నూనె పోశాడు. చేవెళ్ల దాకా పోయి వచ్చాడు. గేర్లు వెన్నలా పడ్డాయి. "చూసినవానే, ఒక్క పూటల అయిపాయె! ఆయన రెండ్రోజులు చేసేటోడు" అని అవ్వ ముందు ఒకటే మురిసిపోయాడు.

పొద్దున అక్క చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ప్రార్థన చేసుకుని బయల్దేరాం. ఎవరూ ఆపకుండా అద్దం మీద సున్నంతో 'జై తెలంగాణ' అని రాశాడు బాపు. చేవెళ్ల దాటేసరికే గేరు బిర్రుగా పడుతోంది. మొయినాబాద్ దాటాక ఎత్తు ఎక్కుతుంటే, న్యూట్రల్లో బిగుసుకుపోయింది. బాపు రెండు చేతులా లాగాడు. కింద ఏదో ఫట్‌మని విరిగింది.

నడిచాం. దారిలో ఒక్క బండి లేదు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఒక గంట నడిచాక, ముందుకే చూస్తూ అడిగింది... "సత్యం మామ అడిగినప్పుడు జర ఒక్క మాటెందుకు చెప్పకపోతివి బాపూ?"

బాపు అక్క చెంప మీద కొట్టాడు. అంతకుముందు ఎన్నడూ అక్క మీద చెయ్యి చేసుకోలేదు. మేం చేరేసరికి మూడు దాటింది. గేటు దగ్గర జవాను, "అయిపోయిందమ్మా" అన్నాడు.

బందులు తగ్గాక పట్నం మిస్త్రీ నా ముందే విప్పి చూసి నవ్వాడు. తోలును ముందే రాత్రంతా నూనెలో నానబెట్టాలట. అప్పుడు ఉబ్బేదంతా ఉబ్బుతుంది, తర్వాత కొలతకు కోసి ఎక్కించాలి. ఎండు తోలు ఎక్కించి నూనె పోస్తే లోపలే ఉబ్బి పట్టేస్తుందట. సత్యం మామ రెండో రోజు బద్ధకం కాదన్నమాట. బాపు ఆ మాట విని, చేవెళ్లకు ఒక కిరాయి మాట్లాడుకుని వచ్చేశాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు, చనిపోయేదాకా ఎత్తలేదు.

అక్కకు మళ్లీ కార్డు రాలేదు. కనకమామిడిలో ఇచ్చాం. నలభై ఏళ్లు కూరగాయల గంపలు మోసింది. ఇప్పుడక్కడ ఫామ్‌హౌసులు... వాటంతట అవే గేర్లు మార్చుకునే కార్లు. తెలంగాణ వచ్చింది. వచ్చిన రోజు నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి. సత్యం మామ ఎటు పోయాడో మాత్రం మేమెవరం కనుక్కోలేదు. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

మీ ఊళ్లోనూ ఇలా వెళ్లగొట్టిన వాళ్లున్నారా? ఆ రోజు మీ ఇంటివాళ్లు ఎటు నిలబడ్డారో రాయండి... తీపి జ్ఞాపకాలే రాయాలని ఏం లేదు.

మొన్న మోకాళ్ల నొప్పులకు అక్కను దవాఖానకు తీసుకుపోయాను. ఇరవయ్యేళ్ల నర్సు సూది గుచ్చుతుంటే అక్క మొహం తిప్పుకోలేదు, ఆ పిల్ల చేతులే చూసింది. పని అయ్యాక మెల్లగా అడిగింది...

"నీ ఇంటర్వ్యూకు ఎవరు తోల్కపోయిండ్రు బిడ్డా?"