అయ్యగారింటి మాట

బెజవాడ పటమటలో కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంది హెప్సిబా గది. పక్క గదిలో పళ్ళ డాక్టరు. ఆయనకి పెద్ద బోర్డుంది, హెప్సిబాకి లేదు. బోర్డు వద్దన్నది ఆవిడే. అయ్యగార్లనిపించుకునే పాస్టర్లూ వాళ్ళ భార్యాబిడ్డలూ మనసులో మాట చెప్పుకోవడానికి కొన్ని సంఘాల వాళ్ళు కలిసి పెట్టిన కౌన్సెలింగ్ గది అది.

"బోర్డు కనిపిస్తే ఎవరూ మెట్లెక్కరండీ" అని మొదటి రోజే కమిటీకి చెప్పింది. "ఇంకో మాట. ఎవరొచ్చారో, ఏం చెప్పారో మీరు కూడా నన్నడక్కూడదు."

అలా డెల్టా ఊళ్ళనుంచి బస్సెక్కి వచ్చే అయ్యగార్లు, మెట్ల దగ్గర తెలిసినవాళ్ళెవరైనా పలకరిస్తే పంటి నొప్పనేవారు. దేవుని వాక్యం చెప్పేవాళ్ళందరికీ ఒక్కసారే పళ్ళు పుచ్చిపోయాయేమిటోనని హెప్సిబా భర్త జాన్సన్ నవ్వేవాడు. ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. ఆ నవ్వుకి మించి ఒక్క ప్రశ్న వేసి ఎరగడు.

హెప్సిబా కూడా పాస్టరు కూతురే. చిన్నప్పుడు వాళ్ళమ్మకి ఒళ్ళు కాలిపోతున్నా గుమ్మంలో ఎవరో ఒకరు ప్రార్థన కోసం నిలబడి ఉండేవారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వుతూ బయటికొచ్చేది. నాన్నతో మాటామాటా వస్తే కిటికీలు మూసుకుని గొంతు తగ్గించి పోట్లాడుకునేవారు. "అయ్యగారింటి మాట గడప దాటకూడదే" అనేది అమ్మ. దాటలేదు. ఆవిడతోనే సమాధిలోకి వెళ్ళిపోయింది. పాస్టర్ని మాత్రం చేసుకోనని హెప్సిబా పట్టుబట్టి జాన్సన్‌ని చేసుకుంది. గన్నవరంలో కాలేజీ పిల్లలకి సైకాలజీ చెప్పింది. ఉద్యోగం అయిపోయాక, హాయిగా ఇంట్లో కూర్చోక, ఈ గది తలకెత్తుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం పామర్రు దగ్గర్నుంచి శాలిని అనే ఆవిడ వచ్చింది. పాస్టరు ఏసుపాదం గారి భార్య. ఆ సంఘం పేరు వినగానే హెప్సిబా ఆపింది.

"ముందే చెప్పాలమ్మా, మీ సంఘంలో అమలమ్మ గారు మా పిన్ని. మీకు ఇబ్బందనిపిస్తే వేరేవాళ్ళ దగ్గరికి పంపిస్తాను."

శాలిని లేవలేదు. "మీ పిన్నిగారికి చెప్పరు కదండీ?"

"మా ఆయనకే చెప్పను."

ఆ మాటతో శాలిని కుర్చీలో సర్దుకుని కూర్చుంది. భర్తకి ఏదో అయిందని చెప్పింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతాడు. మొన్నొక పెళ్ళిలో ఆశీర్వచనం చెప్పబోయి గొంతు పెగలక అలాగే నిలబడిపోయాడు. జనం ఉపవాసం వల్లేమో అనుకున్నారు. కొందరు మాత్రం అయ్యగారికి గర్వం పెరిగింది, పలకరించినా పలకట్లేదంటున్నారు.

అంతా విని హెప్సిబా అడిగింది: "సరే, మీరెలా ఉన్నారు?"

"నేనా? నాకేమండీ, బానే ఉన్నా" అంది శాలిని. అని, తలుపు వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి ఏడ్చింది. ఆ ఊరొచ్చినప్పటినుంచీ తనని ఆ మాట అడిగినవాళ్ళు లేరని చెప్పింది. పెళ్ళికి ముందు బళ్ళో టీచరు తను. సంఘంలో ఎవరితో మనసు విప్పినా అది ఆదివారానికి ఊరంతా తెలుస్తుంది. పుట్టింటికి ఫోన్ చేస్తే "దేవుని సేవలో కష్టాలుంటాయమ్మా, ప్రార్థన చేసుకో" అంటారు. ఏడుపు అయ్యాక, ముక్కు తుడుచుకుంటూ, "పంటి నొప్పని చెప్పి వచ్చానండీ, వెళ్ళేటప్పుడు బుగ్గ వాచినట్టు కనపడాలి కదా" అని తనే నవ్వింది.

తర్వాతి వారం ఏసుపాదం వచ్చాడు. మొదట్లో అంతా ప్రసంగమే. బైబిల్లోని యోబు శ్రమలు, ఏలీయా అలసట, అన్నీ చెప్పుకొచ్చాడు. హెప్సిబా అడ్డం రాలేదు. ఆయన ఆగినప్పుడు, "అయ్యగారూ, ఏలీయా సంగతి నాకు తెలుసు. మీ సంగతి తెలీదు" అంది నెమ్మదిగా.

ఏసుపాదం గొంతు తగ్గించాడు.

"ప్రార్థన చేస్తుంటే ఎండిపోయిన చేతిపంపు కొడుతున్నట్టుందండీ. చెయ్యి ఆడుతుంది. చుక్క రాదు. ఇది పాస్టరు అనకూడని మాట."

"ఇక్కడ అనొచ్చు."

అప్పుడు మొదలుపెట్టాడు. కరోనా రోజుల్లో అయినవాళ్ళు కూడా రాలేని భూస్థాపనలు ఎన్ని చేశాడో! గొయ్యి పక్కన తనొక్కడే నిలబడి, వినేవాళ్ళు లేకపోయినా ప్రార్థన క్రమమంతా చదివేవాడు. ఇంటికొచ్చి స్నానం చేసి మళ్ళీ ఇంకో ఫోనుకి బయల్దేరేవాడు. అప్పుడు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. అంతా సర్దుకుని, ఊళ్ళో మళ్ళీ పెళ్ళిళ్ళూ పేరంటాలూ మొదలయ్యాక, ఏ శుభకార్యంలో నోరు తెరిచినా భూస్థాపన మాటలే నాలిక మీదికి వస్తున్నాయి. పెళ్ళిలో గొంతు ఆగింది అందుకే. ఆ మాటలు ఎక్కడ పైకి వచ్చేస్తాయోనని భయం.

హెప్సిబా వాక్యం చెప్పలేదు. ఓదార్పు చెప్పడానికి తొందరపడలేదు. ఇది విశ్వాసం తగ్గడం కాదనీ, మనసుకు తగిలిన దెబ్బనీ, మందుతో తగ్గే భాగం కూడా ఇందులో ఉందనీ చెప్పి, బెజవాడలోనే తనకి నమ్మకమున్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. మాత్రలతో ముందు నిద్ర పట్టింది. వారం వారం వచ్చి, ఒక్కో సమాధి గురించి ఒక్కోసారి చెప్పుకున్నాడు. కొన్నిసార్లు ఏడ్చాడు. ఒకసారి బాగా నవ్వాడు కూడా.

ఈలోగా ఆ సంఘ పెద్ద బాలశౌరి గారు, ఎరువుల వ్యాపారి, ఎక్కడో విని నేరుగా పటమట వచ్చాడు.

"మా అయ్యగారు మీ దగ్గరికొస్తున్నారంటగా అమ్మా. ఏవిటి జబ్బు? సంఘ పెద్దని, నాకు తెలియాలి."

"ఇక్కడికి ఎవరొచ్చేదీ, ఎవరు రానిదీ నేను చెప్పనండీ."

"ఆయన మంచికే అడుగుతున్నాను."

"నేనూ మంచికే చెప్పట్లేదు. కాఫీ తాగుతారా?"

ఆయన కాఫీ తాగలేదు. కమిటీకి ఫోన్ చేశాడు. కమిటీ చైర్మన్ హెప్సిబాకి చేసి, పెద్దమనిషి, కాస్త చూసుకోండి, ఒక్క ముక్క చెబితే ఏంపోయిందని గునిశాడు.

"ఒక్క ముక్క బయటికెళ్తే ఈ గదికి ఇంకెవరూ రారండీ. అప్పుడు నాకు ఈ తాళంచెవితో పని లేదు. రేపే పంపించేస్తాను" అంది. చైర్మన్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు మాత్రం ఇంటికెళ్ళాక ఆవిడకి అన్నం సయించలేదు. జాన్సన్ ఏమీ అడక్కుండా మజ్జిగ కలిపి తెచ్చి పక్కన పెట్టాడు.

బాలశౌరి వచ్చివెళ్ళిన సంగతి ఏసుపాదానికి చెప్పక తప్పలేదు. చెప్పింది. ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం పిన్ని అమలమ్మ ఫోన్ చేసింది.

"ఒసే హెప్సీ, ఇవాళ మా గుళ్ళో ఏం జరిగిందో తెలుసా? మా అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపేసి, నాకు మనసు బాగోలేదు, మందులు వాడుతున్నా, కొన్నాళ్ళు విశ్రాంతి కావాలని అందరి ముందూ చెప్పేశారే!"

"అలాగా పిన్నీ!" అంది హెప్సిబా. జబ్బు సంగతి తెలియనట్టు అనడం కష్టమే అయింది. కానీ అందరి ముందూ చెప్పేశాడన్నది మాత్రం నిజంగానే ఆవిడకి కొత్త. ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది.

"ఎవ్వరూ మాట్లాడరే. ఆ బాలశౌరి నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఉండబట్టలేదు. లేచి, అయ్యగారూ మీరు కూర్చోండి, ఇన్నాళ్ళూ మా కోసం మీరు ప్రార్థన చేశారు, ఇవాళ మీ కోసం మేం చేస్తాం అన్నా. ఆడవాళ్ళందరం వెళ్ళి అమ్మగారి చుట్టూ నిలబడ్డాం. పాపం, ఆ పిల్ల ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చిందో. మనకి బుద్ధుండాలి కదే, ఒక్కనాడైనా అడిగామా?"

ఏసుపాదం సెలవు పెట్టి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. శాలిని పామర్రులో ఒక బళ్ళో టీచరుగా చేరింది. అయ్యగారి భార్యకి ఉద్యోగమేమిటని కొందరు సణిగారు. వాళ్ళ పిల్లలకే ఆవిడ లెక్కలు బాగా చెప్పడంతో సణుగుడు తగ్గింది.

ఆ ఏడు కోతపండుగకి రమ్మని అమలమ్మ పట్టుబడితే హెప్సిబా జాన్సన్‌తో కలిసి వెళ్ళింది. గుడి గుమ్మానికి వరికంకులు కట్టారు. జనం గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు కానుకగా తెచ్చి పెట్టారు. శాలిని అందరితోపాటు ఆవిడకీ వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. ఏసుపాదం ప్రసంగంలో ఒకచోట ఆగాడు. మంచినీళ్ళు తాగాడు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన మళ్ళీ అందుకునేదాకా ఊరికే కూర్చున్నారు.

భోజనాల బంతిలో బాలశౌరి సాంబారు వడ్డిస్తూ వచ్చాడు. హెప్సిబా ఆకు ముందు ఒక్క క్షణం ఆగాడు.

"మా అక్క కూతురండీ, బెజవాడ" అంది పక్కనున్న అమలమ్మ.

"అలాగా. ఎప్పుడూ చూసినట్టు లేదే" అన్నాడాయన. అంటూ ఇంకో గరిటె సాంబారు పోశాడు. "కడుపునిండా తినండమ్మా."

హెప్సిబా తింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చూసినంత దూరం కోసిన పొలాలు, వాటి మీద బాతుల గుంపులు. ఒళ్ళో పిన్ని కట్టిచ్చిన కొత్త బియ్యం మూట. వీటితో రేపు పరమాన్నం చేయమని జాన్సన్ అడిగాడు. "బెల్లం తక్కువేస్తాను, మీకు సుగరు" అంది. కంకిపాడు దాటేదాకా ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు.