లక్షా యాభై వేలు దాటిన తాత బండి

తెలంగాణ ఉద్యమాన్ని ఏసీ వేసి, తోలు సీట్లలో కూర్చోబెట్టి ఊరూరా తిప్పుతున్నవాడు మా తాత కాటమయ్య ఒక్కడే. మిగతావాళ్లంతా ఉద్యమాన్ని ట్రాక్టర్ల మీద ఎక్కించారు, లేదా కాలినడకన నడిపించారు. జనగామ నుంచి మహబూబాబాద్ దాకా, అక్కడి నుంచి భూపాలపల్లి దాకా మైకులో వినిపించిన ప్రతి గొంతూ ముందు మా తాత బండిలో దగ్గి సవరించుకున్నదే. ఆయన లేకుంటే ఉద్యమం స్టేషన్ ఘన్‌పూర్ రైల్వే గేటు దగ్గరే ఆగిపోయేది. కావాలంటే ఎవరినైనా అడగండి. మా తాతను మాత్రం అడగకండి, ఆయన నాకన్నా ఎక్కువ చెబుతాడు.

తాత గీత కార్మికుడు. నలభై రెండేళ్లు వచ్చేదాకా తాటిచెట్లు ఎక్కాడు. చెట్టునూ నడుమునూ కలిపి పట్టి ఉంచే తాడును మోకు అంటారు. మోకు ఒక్కసారి జారిందంటే మళ్లీ దానితో చెట్టెక్కకూడదన్నది మా ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన మాట. తాతకూ తెలుసు. అయినా ఇంకో వారం నడవదా అనుకొని ఎక్కాడు. ఎడమ కాలు మూడు చోట్ల విరిగింది.

తర్వాత డ్రైవింగ్ నేర్చుకొని, భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిప్పే ఒక కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్లు జీపు నడిపాడు. క్లచ్చు తొక్కీ తొక్కీ ఆ ఎడమ కాలు చివరికి మొండికేసింది. సరిగ్గా అప్పుడే, 2010 మొదట్లో, ఉద్యమం ముదిరిందని భయపడి కాంట్రాక్టరు తన సామాను సర్దుకున్నాడు. పోతూ పోతూ తను ఎక్కే పెద్ద బండిని తాతకు చవగ్గా ఇచ్చేశాడు. ఏడు సీట్లు, నెత్తిన తెరుచుకునే అద్దం, దానంతట అదే మారే గేర్లు. క్లచ్చే లేదు. రోడ్డు పక్కనున్న ఎకరం అమ్మి తాత దాన్ని కొన్నాడు.

కొన్న మరునాటి నుంచి పది రోజులు దాని చుట్టూ దొంగను వెతికినట్టు తిరిగాడు. ఇంత చవగ్గా ఇచ్చాడంటే ఏదో దాచాడని ఆయన అనుమానం. సీటు కింద ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి దొరికింది. మంత్రించిందో, సోడాలో పిండుకోవడానికి తెచ్చిందో తేలక, కట్టెతో బయటికి లాగి కాలువలో పారేయించాడు.

అనుమానం తీరాక బండికి ఇంటి మనిషి మర్యాదలన్నీ మొదలయ్యాయి. నెంబరు ప్లేటు మీద ఏపీ తీయించి టీజీ రాయించాడు. నెత్తి మీది అద్దం తెరిచి చెయ్యి ఊపాలనుకునే నాయకుడెవరైనా ముందు చెప్పులు విప్పాలి, తర్వాతే సీటు మీద నిలబడాలి. ఆదివారం పొద్దున మొదటి కిరాయికి ముందు చిన్న సీసాతో కల్లు తెచ్చి కులదేవుడి పేరు తలచుకొని, ఆయన వాటాగా బండికి సాక పోసేవాడు.

ఆ బండికి వారంటీ అయిదేళ్లు, లేదా లక్షా యాభై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

"ఏది ముందైతే అదంటే, మనకేది నష్టమైతే అదన్నట్టు" అనేవాడు తాత.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. తాత బండికి మాత్రం పడుకునే తీరిక లేదు. జనగామ దగ్గర మీటరు లక్షా యాభై వేలు దాటినప్పుడు బండి పక్కకు ఆపి, బానెట్ తెరిచి, లోపలికి కాసేపు గుర్రుగా చూసి మళ్లీ మూసేశాడట. అది జరిగిన పదకొండో రోజున, ఉపన్యాసాలిచ్చే నలుగురు సార్లను మహబూబాబాద్ సభకు తీసుకుపోతుంటే పెద్దవంగర దాటాక ఎదురుగా ఇంజను బొమ్మ దీపం పసుపు రంగులో వెలిగింది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి నలభై దాటలేదు.

వెనక సీటులోని సారు ఒకాయన అన్నాడట, "కాటమన్నా, ఎనుక ఎడ్లబండి వస్తాంది, జర సైడియ్యరాదే."

తాత ఇంటికొచ్చి మా నానమ్మ సోమక్కకు చెప్పింది ఒకటే మాట. "లోపల గడియారం పెట్టిన్రే సోమక్కా. లక్షా యాభై దాటంగనే ఖరాబైపొమ్మని చెప్పి పంపిన్రు."

"చెప్పి పంపితే పదకొండు రోజులు దేనికి ఆగింది?" అంది నానమ్మ.

"మనకు అనుమానం రావద్దని."

హనుమకొండలో ఆ బండ్లు చూసే షోరూముకు తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. మెడకు టై కట్టుకున్నాయన తీగ ఒకటి బండికి గుచ్చి, కంప్యూటర్‌లో చూశాడు. "పెద్దాయనా, కంట్రోల్ బాక్స్ పోయినట్టుందండీ. గేర్‌బాక్స్ కూడా విప్పి చూడాలి. లక్ష దాటొచ్చు. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి అంత పెట్టడం కన్నా మార్చుకోవడమే నయమండీ" అన్నాడు.

బయటికి రాగానే తాత నన్నడిగాడు. "ఎన్నిసార్లు అండీ అన్నడు?"

"రెండుసార్లు."

"గంత మర్యాద ఊకెనే ఇయ్యరు. ఏదో ఉన్నది."

స్టేషన్ ఘన్‌పూర్‌లో మెకానిక్ ఐలేశ్ దగ్గర ఆపాం. ఐలేశ్‌కు తాత వరసకు మామ. అతను రెండు రోజులు బండి ఉంచిపొమ్మన్నాడు.

"ఉంచిపోతే నువ్వేం ఇప్పుతవో, ఏం మారుస్తవో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు తాత.

"అట్లయితే ఎదురుంగ కూసో మామా. కుర్సీ ఏపిస్త."

"కూసుంట. ఇయ్యాల కాదు."

బండిని నలభైలోనే ఇంటికి తెచ్చాడు. విప్పితే ఏం బయటపడుతుందోనని ఆయనకు భయం. ఆ భయాన్ని ఐలేశ్ మీది అనుమానం కింద దాచిపెట్టాడని నాకర్థమైంది. ఈ బండి పోతే ఇంకో బండి లేదు. మామూలు బండ్లకు క్లచ్చుంటుంది. ఆ కాలితో వాటిని నడపలేడు, చెట్లు ఎలాగూ ఎక్కలేడు. అమ్మితే వచ్చే డబ్బుతో ఇలాంటి బండి దొరకదు. ఉంచుకుంటే, లక్ష పెట్టి బాగు చేయించాక మళ్లీ ఏది ఊడుతుందో తెలియదు. ఇప్పుడు వారంటీ అనే అండ కూడా లేదు.

మరునాడే జనగామ నుంచి సురేందర్ దిగాడు. పాత బండ్లు కొని అమ్మే బ్రోకరు. మేం పిలవలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, డీజిల్ మూత మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నాలుగు లక్షలిస్త కాటమన్నా. దసరా దాటితే మూడే. వారంటీ అయిపోయిన పెద్ద బండి అంటే పండ్లూడిన పులి. మేపుడే గని పనికి రాదు. ఇంకెన్ని రోజులు ఉంచుకుంటవే?"

"నా బండి ఖరాబైందని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో చెప్పిన్రు తియ్యే."

"గా ఎవలో ఎవలు?"

సురేందర్ పేరు దాటవేసి, శనివారం వస్తానని వెళ్లిపోయాడు. తాత చేతివేళ్ల మీద లెక్కపెట్టాడు. దీపం సంగతి తెలిసినవాళ్లు నలుగురు సార్లు, టై ఆయన, ఐలేశ్. సార్లకు జనగామ బ్రోకరుతో పని లేదు. టై ఆయనకు మా ఊరి పేరే తెలియదు. మిగిలింది ఐలేశ్.

"చూసినవా. ఉంచిపో అన్నడు. ఉంచిపోతే ఇంకింత ఖరాబు చేసి ఇద్దరు కలిసి పంచుకునేటోళ్లు."

ఆ సాయంత్రం తాత బండిలో కూర్చున్నాడు, స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ మీద చెయ్యి వేసి వాకిట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మితే ఏం చేస్తవ్ తాతా?" అన్నాను.

"నీకు కావలుంట."

నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు.

శుక్రవారం పొద్దున తాత కేకకు ఇల్లంతా లేచింది. ముందు టైరు మీదుగా చీమల బారు బానెట్‌లోకి పోతోంది. తాత దాని ముందు గొంతుకూర్చుని వేలు చూపిస్తున్నాడు.

"శక్కర. డీజిల్ ట్యాంకుల శక్కర పోసిపోయిండు. మొన్న మూత మీద చెయ్యి పెట్టినప్పుడే అనుకున్న."

"దీపం వెలిగినంక గదనయ్యా సురేందర్ వచ్చింది" అంది నానమ్మ.

"ముందుగాల ఎవలితోనో పోయించిండు."

"ట్యాంకు ఎనుకకున్నది. చీమలు ముందటికి పోతన్నయి."

"చీమలేమన్న మెకానిక్కులా, ట్యాంకు యాడున్నదో తెలువనీకి?"

ఇక ఆపలేకపోయాం. మోసం పట్టుకోవాలంటే బండి విప్పాల్సిందే కాబట్టి తాతకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. నన్ను ముందు సీట్లో, నానమ్మను సాక్ష్యానికి వెనక సీట్లో కూర్చోబెట్టి, చీమలతో సహా నలభై వేగంతో స్టేషన్ ఘన్‌పూర్ చేరాడు. కుర్చీ తెప్పించుకొని ఐలేశ్‌కు మూరెడు దూరంలో కూర్చున్నాడు.

ఐలేశ్ చీమల బారును చూసుకుంటూ పోయి, ముందు అద్దం అడుగున వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ రేకు విప్పాడు. లోపల గుప్పెడు చీమల పుట్ట. తీగల మీద తెల్లగా, జిగురుగా ఏదో పేరుకొని ఎండిపోయి ఉంది. తీగలు కలిసే చోట పచ్చటి చిలుము పట్టింది. ఐలేశ్ వేలితో గీకి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"మామా, బండికి కల్లు తాపుతున్నవా?"

తాత కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు.

ఏడాదిన్నరగా ఆదివారం ఆదివారం పోసిన సాక అంతా అద్దం అడుగున ఉన్న సందులోంచి తీగల మీదికి దిగింది. తడికి తీగలు చిలుము పట్టాయి, తీపికి చీమలు కాపురం పెట్టాయి.

"సాక నేల మీద పోస్తరు గద మామా, ఈడ పోసినవేంది?"

"చెట్టుకు కల్లు మెడకాడ దిగుతది. బండికి మెడ ఇదే గద" అన్నాడు తాత. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా నేను వినడం అదే మొదలు.

ఐలేశ్ నవ్వలేదు. అందుకే అతని మీద నాకు గౌరవం. మధ్యాహ్నం దాకా పెట్రోలులో ముంచిన కుంచెతో తీగలు కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. తాళం తిప్పితే దీపం ఆరిపోయింది. ఘన్‌పూర్ బయటి రోడ్డు మీద బండి ఎనభై దాటింది. మూడు వందలు తీసుకున్నాడు.

"గింత మంచిగ చేసినవ్, మరి సురేందర్‌కెందుకు చెప్పినవ్?" అన్నాడు తాత.

"ఎవలకు? నేనా?" ఐలేశ్ చేతిలోని గుడ్డ అక్కడే పెట్టేశాడు.

"ఆయినను అనకు. నేను చెప్పి పంపిన" అంది నానమ్మ.

తాత ఆమె వైపు తిరిగాడు.

"చెట్టు మీదికెళ్లి పడ్డనాటికి నాలుగొద్దుల ముందు నువ్వే అన్నవ్, మోకు జర జారినట్టయిందని. నేను ఊకున్న. మూడేండ్లు నీ కాలుకు కట్లు కట్టిన. ఈసారి ఊకోవద్దనుకున్న. తొవ్వల మంది జనంతోటి ఉన్నప్పుడు ఇది ఆగిపోతే, లారీ ముందట ఆగిపోతే, ఏం చేస్తవ్?"

నాకు బుద్ధి తెలిశాక మొదటిసారిగా తాత ఆమెను సలహా అడిగాడు. "అయితే ఇప్పుడు అమ్మాల్నా?"

"ఇప్పుడు జారింది మోకు కాదు, నువ్వు" అంది నానమ్మ. "బండి ఉంచు. దీపం వెలిగితే తెల్లారే ఐలేశ్ ముందట పెట్టు. అనుమానపడుకుంట ఇంట్ల పెట్టుకోకు."

ఐలేశ్ కూడా తన మాట చెప్పాడు. గేర్‌బాక్స్ నూనె ఇప్పటిదాకా ఎవరూ మార్చలేదు, మార్పించాలి. రెండు లక్షలు దాటాక గేరు పడేటప్పుడు బండి ఏనాడైనా జారినట్టనిపిస్తే బాగు చేయించాలని చూడొద్దు, ఆ నెలలోనే అమ్మేయాలి. దానికి పెట్టే ఖర్చు మళ్లీ తిరిగి రాదు. అప్పటిదాకా బేఫికర్.

శనివారం సురేందర్ వచ్చాడు. తాత చాయ్ తాగించి, బండి ఇవ్వనన్నాడు. సురేందర్ ఇంకో యాభై వేలు పెంచాడు.

"ఒక్క చాయ్‌కే యాభై వేలు పెంచినవంటే ఇంకో చాయ్ తాపితే నీ ఇల్లు రాసిచ్చేటట్టున్నవ్" అని తాత అతన్ని వాకిలి దాకా సాగనంపాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. మీటరు రెండు లక్షల నాలుగు వేల మీద ఉంది. రాష్ట్రం ఇంకా రాలేదు. సాక ఇప్పుడు నేల మీద పడుతోంది, అదీ బండికి రెండు గజాల దూరంలో. ఈ మధ్య తాత ఒంటరిగా నడిపేటప్పుడు రేడియో పెట్టడం మానేశాడు. ప్రతి గేరు పడేటప్పుడు తల కొంచెం పక్కకు వంచి వింటాడు. ఎవరో తన గురించి చాటుగా మాట్లాడుకుంటున్నారేమో అన్నట్టు వింటాడు. నిన్న చిట్యాల నుంచి వస్తుంటే పక్కన కూర్చొని అడిగాను.

"తాతా, ఇంకెన్ని రోజులు ఉంచుతవో సక్కగ ఒక్క మాట చెప్పు. రాసుకుంట."

"రాసుకొని ఎవలకు చూపిస్తవ్?"

"ఎవలకు చూపియ్య."

"గేరు జారిన్నాడు అమ్ముత. గా సంగతి సురేందర్ చెవుల పడ్డదంటే, బండికన్న ముందు నిన్ను అమ్ముత."