ఉస్తాజ్ వాసిఫ్ జేబులో బల్బు

ఉస్తాజ్ వాసిఫ్ ఎవరింటికి వెళ్లినా ముందుగా పైకప్పు చూస్తారు. మనుషులను ఆ తరువాత, తీరిక దొరికితే చూస్తారు. పైన వేలాడుతున్నది పాతకాలపు తీగ బల్బు అయితే ఆయన ముఖం చిన్నబోతుంది. మరుక్షణం కుడిచెయ్యి కోటు జేబులోకి వెళుతుంది. ఆ జేబులో ఎండాకాలం, వానాకాలం అన్న భేదం లేకుండా ఒక ఎల్‌ఈడీ బల్బు ఉంటుంది.

"ఒక కుర్చీ ఇప్పిస్తారా?" అని మర్యాదగా అడుగుతారు.

కొత్తవాళ్లు కూర్చోవడానికనుకుని ఇస్తారు. తెలిసినవాళ్లు కుర్చీలో తామే కూర్చుని లేవరు.

ఉస్తాజ్ అంటే మాకు మాష్టారు; ఆయన భూగోళం చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక బేరూత్‌లోని మా పాత భవనం నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నారు. నేను రెండో అంతస్తులో ఉంటాను. సాంకేతిక విద్యాలయంలో ప్రయోగశాల చూస్తాను. ఆ ఒక్క నేరానికి ఆయన నన్ను తన శాశ్వత సాక్షిగా నియమించుకున్నారు. ప్రతి వాదన చివరా "ఇదిగో, ఇంజనీరు చెప్తాడు" అంటారు. నేను ఇంజనీర్ను కానని కొన్నాళ్లు సవరించి, అలసిపోయి మానేశాను. మా ఊళ్లో చాలా విషయాలు అలసటతోనే తేలతాయి.

మొదటి అంతస్తులో అబూ ఫాయెజ్ పోయినప్పుడు పరామర్శకు వెళ్లాం. అందరూ చేదు కాఫీ చేతపట్టుకుని తలవంచుకుని ఉన్నారు. ఉస్తాజ్ మాత్రం తల పైకెత్తి ఉన్నారు. కాసేపటికి పెద్దకొడుకు చెవిలో, "దేవుడు మీ నాన్నగారిని చల్లగా చూడాలి. ఆ మూడూ అరవై వాట్లవా?" అన్నారు. మగవాళ్లు ఖననం ముగించుకుని తిరిగి వచ్చేసరికి హాలు పట్టపగలులా ఉంది. ఓ ముసలి మేనత్త ఆ వెలుగు చూసి, "మా అన్న ఆత్మ చేరవలసిన చోటికి చేరింది" అని చేతులెత్తి ఏడ్చింది. ఉస్తాజ్ కాదనలేదు. "చేరింది, హజ్జె. తొమ్మిది వాట్లలోనే చేరింది" అన్నారు.

క్షౌరశాలలోనూ ఇదే తంతు. ఒకనాడు సగం గడ్డం నురగతో కుర్చీ ఎక్కారు.

"ఉస్తాజ్, గడ్డం ఇంకా సగమే అయింది!" అని మంగలి మొత్తుకున్నాడు.

"సగం గడ్డానికి కరెంటు ఖర్చు కాదు నాయనా. దీనికి అవుతుంది."

న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటలో శాస్త్రం తప్పు లేదు. సర్కారు కరెంటు దూరపు చుట్టంలా వచ్చిపోతుంది. మేమంతా బతికేది వీధి చివరి జనరేటర్ మీద. ఇంటికి అయిదు ఆంపియర్లు. ఫ్రిజ్జు, బట్టల మిషను నడుస్తుండగా ఎవరైనా ఇస్త్రీ పెట్టె తగిలిస్తే మీట పడిపోతుంది. ఎవరో ఒకరు గుమ్మం బయటి పెట్టె తెరిచి దాన్ని పైకెత్తాలి. అటువంటి చోట అరవై వాట్ల తీగ బల్బు వెలుగును తొమ్మిది వాట్లతో తెచ్చుకోవడం తెలివైన పనే. కాని నాసిరకం ఎల్‌ఈడీలు వోల్టేజి ఊగిసలాటకు త్వరగా చస్తాయి. మూసిన గాజుబుడ్డిలో పెడితే లోపలి సర్క్యూట్ ఉడికిపోతుంది. కొన్నింటి తెల్లటి వెలుగులో తాజా టమాటా కూడా నిన్నటిదిలా కనబడుతుంది. ఇవన్నీ ఆయనకు విన్నవించాను. ఆయన బల్బుల రకం మార్చారు. అలవాటు మార్చలేదు.

"ఆ బల్బుల కొట్టు మీ మేనల్లుడిదా, ఉస్తాజ్?" అని మెట్ల మీద ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు.

"నాకు మేనల్లుళ్లు లేరు" అని ఆయన ఎంతో కచ్చితంగా జవాబిచ్చేవారు.

క్రమంగా భవనమంతా లొంగిపోయింది. వాదించే ఓపిక ఎవరికీ లేదు. లొంగనిది ఒక్కటే: మూడో అంతస్తులో, మదామ్ నుహాద్ హాల్లో ఉన్న షాండ్లియర్. కొవ్వొత్తి ఆకారంలో నలభై వాట్ల తీగ బల్బులు పన్నెండు. మొత్తం నాలుగువందల ఎనభై వాట్లు. అంటే రెండు ఆంపియర్ల పైచిలుకు. నుహాద్ భర్త ఇమీల్ బట్టల వ్యాపారి కనుక ఆ ఇంటికి పది ఆంపియర్లుండేవి. ఆవిడకు బెంగ లేదు.

ఉస్తాజ్ ఒకసారి ఆ షాండ్లియర్‌ను జయించబోయి భంగపడ్డారు. నుహాద్ లేని సమయం చూసి తెల్లటి ఎల్‌ఈడీలు బిగించారు. ఆ సాయంత్రమే కొండమీది ఊరినుంచి ఆవిడ పిన్ని వచ్చింది. హాల్లో నుహాద్ మొహం చూసి, "డాక్టరేమన్నాడే?" అని బావురుమని, బలవంతంగా మంచమెక్కించి సూప్ కాచింది. నుహాద్ ఆ సూప్‌ను ఇప్పటికీ మరిచిపోలేదు.

అయినా ఆ గుమ్మం ఆయనకు ప్రాణం. ఇమీల్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. రోజూ మధ్యాహ్నం ఆ హాల్లోనే ఇద్దరూ తావ్లె పలక ముందేసుకుని పాచికలు విసురుతూ ఒకరినొకరు తిట్టుకునేవారు. ఈ నగరంలో ఆయన పనిలేకుండా తట్టగల తలుపు అదొక్కటే.

ఆదివారం కూతురి నిశ్చితార్థం ఉందనగా, నుహాద్ మా ఇద్దరి ముందూ కాఫీ పెట్టి, ట్రే తీయకుండా నిలబడింది.

"ఉస్తాజ్, మీరు నాకు అన్నలాంటివారు. కానీ పెళ్లికొడుకు తల్లి జహ్లె నుంచి వస్తోంది. ఆవిడ ముందు నా షాండ్లియర్ మీద చెయ్యి వేశారో, ఈ గుమ్మం మళ్లీ తొక్కనివ్వను. కాఫీ లేదు, తావ్లె లేదు. మా అమ్మ మీద ఒట్టు."

"విన్నావుగా. నన్ను చూడకు. ఈ ఇంట్లో నా పెత్తనం పాచికల వరకే" అన్నాడు ఇమీల్.

"ఆ సాయంత్రం ఒక్కపూట దాన్ని ఆర్పి ఉంచితే..." అన్నారు ఉస్తాజ్ మెల్లగా.

"ఆర్పి! నిశ్చితార్థానికి వచ్చారా, చావింటి నలభయ్యో రోజుకి వచ్చారా వాళ్లు?"

"పోనీ, కొత్తరకం వచ్చాయి. పసుపు వెలుగు, తేట గాజు. నీ షాండ్లియర్ పూసలు ఇప్పటిలాగే మెరుస్తాయి. ఇదిగో, ఇంజనీరు చెప్తాడు."

చెప్పాను. స్ఫటికం మెరవాలంటే వెలుగు సన్నటి గీతలా రావాలి. పాలగాజు బల్బు ఆ మెరుపును చంపుతుంది, తేటగాజు చంపదు. ఆయన చెప్పింది నిజమే అన్నాను. నుహాద్ నా కప్పు వైపు చూసింది.

"మీకూ రేపటినుంచి కాఫీ వద్దా?"

నేను శాస్త్రాన్ని అక్కడితో విరమించుకున్నాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. షాండ్లియర్ నిండుగా వెలుగుతోంది. స్విచ్చు ఉన్న గోడకు వీపు ఆనించి నుహాద్ కాపలా నిలబడింది. అతిథులను కూడా అక్కడినుంచే పలకరించింది. ఉస్తాజ్ నల్ల సూటులో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. సూటు రెండు జేబులూ ఉబ్బి ఉన్నాయి. పొయ్యి మీది పాలను చూసినట్టు ఆయన ఆ దీపాలను చూస్తున్నారు.

ఉంగరాలు తొడిగారు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ జగారీద్ పలికారు. ఆ సంబరం సద్దుమణిగాక, మెట్ల పైనుంచి సన్నగా ఒక కూత వినిపించింది. ఏదో యంత్రం ఆగి ఆగి కూస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు; మా భవనంలో ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది.

ఉస్తాజ్ నుహాద్‌ను చూశారు. ఇమీల్‌ను చూశారు. గోడవారగా నిలబెట్టిన తావ్లె పలకను చూశారు. లేచారు. కాబోయే కోడలిని ముద్దాడడానికి పెళ్లికొడుకు తల్లి ఖాళీ చేసిన కుర్చీ లాక్కుని, ఎక్కి, జేబురుమాలుతో వేడి బల్బులు ఒక్కొక్కటే విప్పసాగారు.

అందరి తలలూ పైకి లేచాయి.

"ఆయన ఎవరు?" అంది పెళ్లికొడుకు తల్లి.

"ఎలక్ట్రీషియన్" అన్నాడు ఇమీల్.

"సూటులోనా?"

"నిశ్చితార్థం కదండీ."

ఆరు బల్బులు వచ్చేశాయి. నుహాద్ గోడ వదిలి వచ్చింది. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది.

"దిగండి."

"ఇంకా ఆరు ఉన్నాయి, నుహాద్."

"దిగి, ఆ గుమ్మం దాటండి."

ఆయన దిగారు. కాలే బల్బులను ఎవరి చేతికీ తగలకుండా బల్ల మధ్యలో పెట్టారు. పెళ్లికూతురికి "మబ్రూక్, తల్లీ" అని చెప్పి బయటికి నడిచారు. ఆ వయసు మనిషి ఆ ముఖంతో వెళ్లడం చూసి నేనూ వెనకే వెళ్లాను. ఆయన నాలుగో అంతస్తులో తన తలుపు దగ్గర ఆగలేదు. అయిదో అంతస్తు ఎక్కి, మదామ్ అరాక్సి తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు.

అరాక్సి కుట్టుపని నేర్పిన పెద్దావిడ. చాలాకాలంగా కిందికి దిగడంలేదు. మోకాలి నొప్పి అని మాకు తెలుసు. ఇప్పుడు చూస్తే ముక్కులో సన్నటి గొట్టం, పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం. కూత ఆగి ఉంది. గోడకు తగిలించిన చిన్న వోల్టు మీటరులో 191 కనిపిస్తోంది. దాని కింద బ్యాటరీ పెట్టె ఒకటి ఉంది. దాని ఆయుష్షు ఇప్పుడు కాఫీ ఒక పొంగు వచ్చేంత మాత్రమే.

"ఎన్ని తీశారు?" అంది అరాక్సి.

"ఆరే."

"చాల్లెండి. నూటతొంభై దాటితే ఇది నోరు మూస్తుంది. ఈయన్నెందుకు తెచ్చారు?"

"తేలేదు, మదామ్. వెంటపడ్డాడు."

నాకు అప్పుడు తెలిసింది, నా వృత్తికి సిగ్గుచేటుగా. మా మెట్ల వైపు ఇళ్లన్నిటికీ పైకి వెళ్లేది ఒకే సన్నటి పాత తీగ. కింది ఇళ్లు ఎంత లాగితే, చిట్టచివరి ఇంటికి అంత తక్కువ వోల్టేజి చేరుతుంది. ఉస్తాజ్ ఇన్నాళ్లూ ఇంటింటా కుర్చీలెక్కి ఒక్కొక్క వోల్టూ అయిదో అంతస్తుకు పంపుతున్నారు.

"కింద ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. నాకు గాలి కావాలి గాని, మెట్ల మీద అయ్యో పాపాలు వద్దు" అంది అరాక్సి. ఆ వెంటనే ఆయనవైపు తిరిగి, "అయినా మంగలి కొట్టు నా తీగ మీద లేదు కదయ్యా?" అంది.

ఉస్తాజ్ తల గోక్కున్నారు. "చెయ్యి అలవాటు పడిపోయింది, మదామ్."

మెట్ల మీద మడమ చెప్పుల టకటక వినిపించింది. నుహాద్. తిట్టవలసినది ఇంకా మిగిలిపోయి వెంబడించినట్టుంది.

"ఇంకో మాట మరిచాను మీతో..." అంటూ లోపలికి వచ్చి ఆగిపోయింది. గొట్టాన్ని చూసింది. యంత్రాన్ని చూసింది.

"మీ కూతురికి మబ్రూక్, నుహాద్. రాలేకపోయాను. మోకాలు" అంది అరాక్సి, గడ్డం పైకెత్తి.

నుహాద్ నావైపు తిరిగింది. "తీగ ఒక్కటే, మదామ్. కింద లాగితే పైన తగ్గుతుంది" అన్నాను. అంతకంటే వివరం అవసరం రాలేదు.

ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. తరువాత, "అవును, మదామ్ అరాక్సి. మీ మోకాలి సంగతి విన్నాను" అంది ఎంతో మామూలుగా. "మిఠాయి పైకే పంపిస్తాను." ఇక ఉస్తాజ్ వంతు.

"జేబుల్లో ఉన్నవి ఆ పసుపువేనా?"

"పసుపువే."

"పూసలు మెరుస్తాయా?"

"ఇంజనీరు..."

"ఇంజనీర్ని అడగలేదు."

"మెరుస్తాయి, నుహాద్."

"మరి ఇక్కడ నిలబడ్డారేం? వియ్యపురాలు సగం చీకట్లో కూర్చుని ఉంది. పదండి!"

పన్నెండూ బిగించారు. పూసలు మెరిశాయి. పెళ్లికొడుకు తల్లి పైకి చూసి, "ఇందాక నెత్తిమీద పొయ్యి పెట్టినట్టుండేది, ఇప్పుడు హాయిగా ఉంది" అని మెచ్చుకుంది. ఇమీల్ ఆ సంతోషంలో అతిథుల మధ్యే తావ్లె పలక తెరిచాడు. "రారా ఎలక్ట్రీషియన్! కూలి కింద ఒక ఓటమి ఇస్తాను."

మా భవనానికి అప్పటితో విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. నుహాద్ అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. మీటరును మాత్రం అరాక్సి మంచం పక్కన కూర్చుని తానే చూడడం మొదలుపెట్టింది. అంకె తగ్గిందా, మెట్లన్నీ దిగుతూ ప్రతి తలుపూ తడుతుంది. మొన్న నా తలుపు వంతు.

"ఇస్త్రీ పెట్టె ఆపండి. మదామ్ అరాక్సి మోకాలికి పడదు."

నేను ఆపాను. ఒకటో అంతస్తువాళ్లు కూడా ఆపారు. ఇస్త్రీ పెట్టె వేడి గోడల గుండా పైకి పాకి ముసలివాళ్ల కీళ్లలో చేరుతుందని వాళ్లిప్పుడు గట్టిగా నమ్ముతున్నారు. నిజమేనా అని నన్నడిగారు. భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి, కాస్త ఆలోచించి, నిజమేనన్నాను.