పైకి లేవని డ్రమ్ము

నాకు ఆగడం చేతకాదు. అన్నం ఉడుకుతుంటే మూడుసార్లు మూత తీసి చూసే మనిషిని. అలాంటివాణ్ని, పోయి పోయి గ్యాసు తొట్టి కట్టుకున్నాను.

అప్పుడు రాజురా దగ్గర పత్తిగింజల నూనె మిల్లులో ఫిట్టర్ని. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసేవి, చంద్రపూర్ బజారులో కలర్ టీవీలు దిగాయి, మా ఇంటికి మాత్రం గ్యాసు బండ రాలేదు. పేరు రాయించి ఏళ్లవుతోంది. నా భార్య బొగ్గుల శిగిడీ మీదే వండేది. ఆ పొగకు ఆమె దగ్గితే వీధి మొగదాకా వినిపించేది. డాక్టరు మందు కూడా రాయలేదు, "ముందు బొగ్గు మానిపించు" అన్నాడు. ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మిల్లులో నూనె తీశాక మిగిలే చెక్కను పశువులకు కొనుక్కుపోతారు. వానకు తడిసి బూజుపట్టిన చెక్కా, ట్యాంకుల అడుగున పేరుకునే మడ్డీ ఎవరికీ అక్కర్లేదు, వాగు పక్కన పారబోసేవాళ్లం. పేడకు గ్యాసు వస్తే దీనికెందుకు రాదు? సేటును అడిగితే, "తీసుకుపో, పీడ పోతుంది" అన్నాడు. పెరట్లో తొట్టి తవ్వి, పేడనీళ్లు నింపి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించి, దాన్నుంచి వంటింట్లోని గ్యాసు పొయ్యికి గొట్టం వేశాను. గ్యాసు పుడితే ఆ డ్రమ్ము పైకి లేవాలి. రోజుకు రెండు దోసిళ్ల చెక్క చాలని తెలిసినవాళ్లు చెప్పారు. నేను గంపెడు వేశాను.

రెండు రోజులకే డ్రమ్ము లేచింది! వాడకట్టంతా పిలిచాను. పొయ్యి మీట తిప్పి అగ్గిపుల్ల పెడితే బుస్సుమని పుల్లే ఆరిపోయింది. మళ్లీ గీశాను, మళ్లీ ఆరింది. పక్కింటి మరాఠీ మామ పడీపడీ నవ్వాడు. "గ్యాస్ ఆహే కీ వారా?" గ్యాసా, ఉత్త గాలా అని. తల కొట్టేసినట్లయింది.

నా భార్య వచ్చి తొట్టి వాసన చూసింది. "గిది పులిసింది. పట్టనంత కుక్కితే ఏ కడుపైనా గిట్లనే అయితది. నువ్వు దీని జోలికి రాకు." పులుపు విరగడానికి కాస్త సున్నపుతేట పోసి, చెక్క వేసే కంత మూతకు ట్రంకుపెట్టె తాళం వేసి, చెవి కొంగుకు కట్టుకుంది.

ఇక నా తిప్పలు చూడాలి. షిఫ్టుకు పోయేముందు డ్రమ్ము చూడటం, వచ్చాక చెప్పులు విడవకుండానే మళ్లీ చూడటం. డ్రమ్ము మీద సుద్దతో గీతలు కూడా గీశాను. మొదట కొద్దికొద్దిగా లేచింది, తర్వాత నాలుగు రోజులు గీత దాటలేదు. ఇక చచ్చిందనుకున్నాను. మిల్లు నుంచి మడ్డి గంప తెచ్చి పెరట్లో దించి, "తాళం తియ్యి!" అని అరిచాను.

"తియ్య."

"డ్రమ్ము లేస్తలేదే! కండ్లు కనవడ్తలేవా?"

"ఎట్ల లేస్తది? పుట్టిందంత నేనే మండిస్తున్న. నాలుగు రోజుల సంది నువ్వు తింటున్న బువ్వ గా గ్యాసు మీదిదే. చెప్తే ఇంకో గంపెడు గుమ్మరిస్తవని చెప్పలే."

తల తిప్పి చూశాను. అరుగు మీద శిగిడీ చల్లగా ఉంది, అందులో బూడిద కూడా లేదు. నాలుగు రోజులుగా ఇంట్లో దగ్గు లేదు. ఏ దగ్గు పోవాలని ఇంత హైరానా పడ్డానో, అది ఆగిందని నాకు తెలియనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఒక్కసారి మంట చూపియ్యవే," అన్నాను.

"పొద్దుటి వంటకే అయిపోయింది. రేపటిదాంక ఆగు," అంది.