అరిజోనా వాళ్ళు రాని వేసవి

ఎర్మెలిందా కిరోగా మా లాడ్జిలో గదులు సర్దేది. నేను అక్కడే కౌంటర్లో తాళాలు ఇచ్చేదాన్ని. శాన్ డియేగోలో, సముద్రపు ఒడ్డున, పదహారు గదుల పాత లాడ్జి అది. జూన్ వచ్చిందంటే పక్క రాష్ట్రం అరిజోనా వాళ్ళు అక్కడి ఎండకు తట్టుకోలేక మా ఊరికి వచ్చేసేవారు. వాళ్ళతోనే మా వేసవి గడిచేది.

వాళ్ళలో మేసా అనే ఊరి నుంచి వచ్చే వెర్నా హోల్మన్ అనే పెద్దావిడ ఒకరు. భర్త పోయాక కూడా ఏటా అదే గదికి వచ్చేది. ఎర్మెలిందా గది సర్దుతుంటే ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. వెళ్ళేటప్పుడు ఇద్దరూ కౌగిలించుకునేవారు.

రెండు వేల పదిలో అరిజోనా ఒక చట్టం తెచ్చింది. అనుమానం వస్తే పోలీసు ఎవరినైనా ఆపి, దేశంలో ఉండడానికి కాగితాలున్నాయా అని అడగవచ్చు. ఎర్మెలిందా తమ్ముడు సెలెస్తీనో మేసాలోనే ఇళ్ళకు కప్పులు వేస్తూ బతికేవాడు. అతని దగ్గర కాగితాలు లేవు. చట్టం ఇంకా అమల్లోకి రాకముందే భార్యను తీసుకుని అక్క ఇంటికి వచ్చేశాడు. ఉన్నవి రెండు గదులు. ఎర్మెలిందా తన మంచం వాళ్ళకిచ్చి వంటింట్లో పడుకునేది.

ఆ చట్టం గిట్టనివాళ్ళు మా ఊరి చర్చి హాల్లో సభ పెట్టారు. అరిజోనాతో వ్యాపారం మానాలి, అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు అని తీర్మానం. ఎర్మెలిందా పనిబట్టలతోనే వెళ్ళి చెయ్యెత్తి వచ్చింది. పక్క ఊళ్ళలోనూ అలాంటి మాటలే వినిపించాయి. పేపర్లలో వచ్చాయి.

అరిజోనా వాళ్ళకు రోషం వచ్చింది. మేమూ మీ ఊరికి రాం అన్నారు. ఆ ఫోన్లన్నీ ఎత్తింది నేనే. కొందరు తిట్టారు, కొందరు మర్యాదగానే గది వద్దన్నారు. వెర్నా కూడా వద్దంది. జూన్ మధ్యకల్లా సగం గదులు ఖాళీ. యజమాని స్ట్రౌడ్ గారు ఒక పనిమనిషిని మానిపించి, ఎర్మెలిందాకు వారంలో మూడు రోజులే పని ఇచ్చారు. ఎవరి తరఫున ఆ గొడవంతా జరిగిందో, మొదటి దెబ్బ వాళ్ళకే తగిలింది.

ఒకరోజు స్ట్రౌడ్ గారు ఎర్మెలిందాను పిలిచి, పాతవాళ్ళకు నువ్వే ఫోన్ చెయ్యి, ఊళ్ళో మామూలు జనానికి ఈ గొడవతో సంబంధం లేదని చెప్పు, నీ మాటైతే వింటారు అన్నారు. ముందు వెర్నాకు కలిపి ఇచ్చాను.

"అమ్మా, నేను ఎర్మెలిందాని."

"నువ్వా! ఎలా ఉన్నావే? మీ ఊరి వాళ్ళకి మేమంటే గిట్టదటగా. గిట్టని చోటికి ఎందుకు రావడం అని మానుకున్నా." ఫోన్లో ఆవిడ గొంతు నాకూ వినబడుతోంది.

"మాకు సంబంధం లేదని చెప్పమన్నారమ్మా మా సార్. కానీ ఆ సభకి నేనూ వెళ్ళాను. చెయ్యెత్తాను."



"నేను నీకేం చేశానని?"

"మీరేం చెయ్యలేదు. మా తమ్ముడు మీ ఊళ్ళోనే కప్పులేసేవాడు. వీధి చివర కొట్టుకెళ్ళాలన్నా భయమేసి నా ఇంటికొచ్చేశాడు."

"ఆ చట్టం నేను రాయలేదు కదా."

"రాయలేదు. గది ఖాళీగానే ఉందమ్మా. రావాలనిపిస్తే రండి, నేనే సర్దుతాను."

"ఈ ఏడు వద్దులే," అని వెర్నా ఫోన్ పెట్టేసింది.

స్ట్రౌడ్ గారు కోప్పడలేదు. నేను చెప్పమన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి అన్నారంతే.

"అబద్ధం ఆడేంత ఓపిక లేదు సార్," అంది ఎర్మెలిందా. మిగతావాళ్ళకు ఫోన్ చెయ్యమని ఆయన మళ్ళీ అడగలేదు.

జూలై చివర్లో కోర్టు ఆ చట్టంలో చాలా భాగాన్ని ఆపింది. అయినా గదులు నిండలేదు. ఎర్మెలిందా ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని వెతుక్కుంది. సెలెస్తీనోకు మా ఊళ్ళో పని దొరకలేదు. సెప్టెంబరులో, భయం భయంగానే, భార్యతో మళ్ళీ మేసాకే వెళ్ళిపోయాడు. ఉండమని ఎర్మెలిందా అనలేకపోయింది.

మరుసటి ఏడు అరిజోనా వాళ్ళు ఏమీ జరగనట్టే వచ్చారు. వెర్నా కూడా వచ్చి ఎర్మెలిందా ఏదని అడిగింది. ఆసుపత్రి పేరు చెప్పాను. ఆవిడ వెళ్ళిందో లేదో నేనడగలేదు.

ఎర్మెలిందా అప్పుడప్పుడు బస్సులో కనిపించేది. కోపం ఉందా అని ఒకసారి అడిగాను.

"ఎవరి మీదని?" అంది. కిటికీకి తల ఆనించి, తన స్టాపు వస్తే లేపమని చెప్పి కళ్ళు మూసుకుంది.