ట్రిగ్గర్ బరువు

మా పెద్దబాపు బస్సులో కూర్చున్నా, పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నా చూపుడువేలును గాలిలో మెల్లగా వంచి చూసుకునేవాడు. "జర బరువున్నది" అనేవాడు. ఆ మాట తన పాత బోల్టు రైఫిల్ ట్రిగ్గర్ గురించి. ఇబ్రహీంపట్నం పక్కన వేరుశనగ చేనును అడవిపందులు తవ్వకుండా లైసెన్సు మీద తెచ్చుకున్న తుపాకి అది. ఎన్నికలప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి, ట్రిగ్గర్ తేలిక కావాలని దాని లోపలి కొక్కేన్ని సానరాయి మీద రుద్దేవాడు. చేను ప్లాట్లయి, పందులు కనబడకుండా పోయినా ఆ రుద్దడం ఆగలేదు.

ఒకసారి ఖాళీ తుపాకి నా చేతికిచ్చాడు. వేలు ఆనించానో లేదో టక్కుమంది.

"మస్తు అల్కగున్నది పెద్దబాపు. ఇగ రుద్దకు."

"నీకేం ఎర్క? బరువున్నది."

అప్పుడు ఆయన వేలు చూశాను. పక్షవాతం వచ్చిపోయాక అది సగమే వంగుతోంది. తుపాకి తిరిగి ఆయన ఒళ్లో పెట్టాను.

దసరాకు ఆయుధపూజ కోసం తుపాకి బిగించి, నా ముందే బోల్టు మూశాడు. మూయగానే, అరిగిన కొక్కెం పట్టు నిలవక, దానంతటదే టక్కుమంది. వేలు ట్రిగ్గర్ దాకా పోనేలేదు. లోపల తూటా ఉంటే ఎదురుగా ఉన్న నేను పోయేవాణ్ణి.

పెద్దబాపు నవ్వాడు.

"చూసినవా? ఇప్పుడు నా వేలికి సరిపోయింది."