తుడిచి పెట్టిన గుంట

గద్వాలలో మా వీధి దశరథం ఇంట్లోకి వాన నీళ్లు వాకిలి దాటి రావు. నేల కిందినుంచి వస్తాయి. ఆయనది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని చీర నేస్తాడు. పై వీధులు సిమెంటు రోడ్లై ఎత్తు పెరిగాక, అక్కడి వాన మా పల్లంలో ఇంకి గుంటలో ఊరుతుంది. మగ్గం మీది పడుగు దారం చెమ్మెక్కుతుంది. పది రోజులు మగ్గం ఆగుతుంది. గడప మాత్రం పొడిగానే ఉంటుంది.

నిరుడు పట్టణానికి వాతావరణ ప్రణాళిక మొదలైంది. ఎవరి ఇళ్లు మునుగుతున్నాయో చూసి, వాళ్లకే ముందు కాలువ తవ్వుతారట. పుస్తకాల్లో న్యాయమంటే ఇదేనని రాసి ఉంటుంది. సర్వేవాళ్లు వస్తున్నారని తెలిసి దశరథం పొద్దున్నే బకెట్‌తో గుంటలో నీళ్లు తోడేశాడు. భార్య పద్మమ్మ బూడిద చల్లి తుడిచి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టింది. కొత్త మనిషికి మగ్గం చూపించాలంటే అలాగే చేయాలి. వీధిలోని పదకొండు మగ్గాలకూ అదే మర్యాద జరిగింది. వచ్చినవాళ్లు శుభ్రతను మెచ్చుకుని, నీళ్లు లేవని రాసుకున్నారు. పటంలో మా వీధికి పచ్చరంగు వేశారు. పై కాలనీలో కార్ల చక్రాలు మునిగాయి కాబట్టి దానికి ఎరుపు. అక్కడ కాలువ తవ్వారు. అది మా వీధి మొదట్లో ఆగింది.

ఈ ఆగస్టులో, ఈ ఏటి కాలువల జాబితా ఖరారయ్యే ముందు ఆఖరిసారి చూడటానికి సుహాసిని అనే సర్వే ఉద్యోగిని వచ్చింది. మూడు రోజులుగా ముసురు. పద్మమ్మ అప్పటికే బకెట్ అందుకుంది. దశరథం దాన్ని లాక్కుని, బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"గిట్ల సూపిస్తవా మగ్గాన్ని? సిగ్గు లేదా?" అంది పద్మమ్మ.

"పోయినసారి తుడిచి సూపిస్తిమి. పచ్చరంగేసి పోయిండ్రు."

సుహాసిని గడప చూసి, పొడిగానే ఉంది కదా అంది. ఆమె కాగితంలో గడప మీదికి నీళ్లు ఎన్ని అడుగులు అనే గడి ఒక్కటే ఉంది. దశరథం ఆమెను మగ్గం దగ్గర తన చోట కూర్చోమన్నాడు.

"జర కాళ్లు కిందికి దించుండ్రి మేడమ్. నేను పొద్దంత గట్లనే కూసుంట."

ఆమె ప్యాంటు మడిచి కాళ్లు దించింది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. ఆమె గడి పక్క ఖాళీలో, గడప కింద గుంటలో అడుగు నీరు, అని రాసింది. మిగతా పదిళ్లకూ వెళ్లింది. దశరథం ముందు నడిచి, ఇంటింటా బకెట్లు పక్కన పెట్టించాడు.

నెలకు కొత్త పటం వచ్చింది. మా వీధి ఎరుపు. కాలువ కోసం సున్నంతో గీత గీసి వెళ్లారు. ఇంకా తవ్వలేదు. బొట్టు లేని మగ్గం దగ్గర పరాయి పిల్లను కూర్చోబెట్టాడని, పద్మమ్మ ఇప్పటికీ ఆయనకు చాయ్ ఇచ్చేటప్పుడు మాట్లాడదు.